గోడ మీద తేదీలు

2024 డిసెంబరు 4 పొద్దున్న 7.27కి ములుగు జిల్లాలో భూమి కదిలితే, ఎనిమిదింపావుకల్లా రాజోలు నుంచి మా పిన్ని ఫోను.

"టీవీలో చూపిస్తన్నారు, చూసేవా?"

చూశానన్నాను.

"అక్కడ బొగ్గు తవ్వేరు, కదిలింది. ఇక్కడ నలభై ఏళ్ళ నుంచీ గ్యాసు తోడతన్నారు. కిందంతా డొల్ల. మరి మనకెప్పుడంటావ్?"

ఏదో సర్దిచెప్పబోయాను. పిన్నికి సర్దిచెప్పడాలు పనికిరావు. "తెలీకపోతే తెలీదను. పేపర్లకి రాస్తావు కదా, నలుగుర్నీ అడిగి పండక్కి వచ్చి చెప్పు" అని పెట్టేసింది.

పండక్కి వారం ముందే బయల్దేరాను. హైదరాబాదులో రాత్రి బస్సెక్కితే తెల్లారి రాజోల్లో దిగొచ్చు. కానీ పిన్ని అడిగిన ప్రశ్న గోదావరి పొడుగునా ఉందనిపించి, ముందు మణుగూరు వెళ్ళాను.

అక్కడ పగిడేరు దగ్గర సింగరేణి వాళ్ళు బొగ్గు కోసం వేసిన బోరులోంచి వేడినీళ్ళు తన్నుకొచ్చాయి. మోటారు లేదు, పంపు లేదు. వాటంతటవే వస్తాయి. ఆ వేడితో 20 కిలోవాట్ల చిన్న కరెంటు ప్లాంటు ప్రయోగంగా పెట్టారు. 20 కిలోవాట్లంటే మా వైపు ఓ మోస్తరు పెళ్ళికి లైటింగుకే చాలదనుకోండి. ఆ నీళ్ళు టర్బైను తిప్పేంత ఆవిరి ఇవ్వవు కాబట్టి, ఇంకా తక్కువ వేడికే మరిగే మరో ద్రవాన్ని వాటితో కాచి, దాని ఆవిరితో తిప్పుతారు. జనవరి చలిలో ఆ నీళ్ళ మీద పొగలు లేస్తుంటే, కుంపటి దగ్గర కూర్చున్నట్టు చేతులు చాపుకుని కాసేపు నిలబడ్డాను.

భూమి వేడిని కరెంటు చెయ్యడం అన్నిచోట్లా ఇంత తేలిక కాదు. కింద వేడి ఉంటుంది, నీళ్ళుండవు. అలాంటి చోట నాలుగైదు కిలోమీటర్లు తవ్వి, గట్టి రాతిలోకి నీళ్ళని బలంగా తోసి, రాతి పగుళ్ళని విడదీసి, కాగిన నీళ్ళని ఇంకో బోరులోంచి పైకి లాగుతారు. పగిడేరులో ఆ తొయ్యడం లేదు, అదే తేడా. ఆ తోసిన చోట్లలో కొన్నింట భూమి కదిలింది. అసలు సంగతి అదే గాని, అది బోడసకుర్రు వంతెన మీద చెబుతాను. అక్కడైతే చూపిస్తూ చెప్పొచ్చు.

ములుగు భూకంపానికి బొగ్గు గనులు కారణం కావు. గనులు వందల మీటర్ల లోతున ఉంటాయి. ఆ కదలిక పుట్టింది 40 కిలోమీటర్ల కింద. దాని తీవ్రత 5.3. గోదావరి పారే ఆ పల్లమే కోట్ల ఏళ్ళ కిందట భూమి చీలి కుంగగా ఏర్పడ్డ లోయ. బొగ్గు పుట్టిందీ దాంట్లోనే, వేడినీళ్ళు పైకొచ్చేదీ దాని పగుళ్ళలోంచే. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో కదిలిందీ ఆ లోయే. మా తాతగారి తరం భద్రాద్రి రాముడు ఒత్తిగిలాడని చెప్పుకునేవారట. నది పాపికొండల్ని దాటి ధవళేశ్వరం వచ్చాక లోయ కంటికి కనపడదు. కిలోమీటర్ల మందాన ఒండ్రు కప్పేసింది. ఆ ఒండ్రు మీదే కోనసీమ కొబ్బరి చెట్టు వేసుకుని కూర్చుంది.

జనవరి 8 పొద్దున్న రావులపాలెంలో దిగి ఆటో మాట్లాడుకున్నాను. కొత్తపేట, అంబాజీపేట, అమలాపురం మీదుగా రాజోలు. దూరానికి ఆటో ఏమిటని కండక్టరు నవ్వాడు గాని, ఆగాలనుకున్న చోట బస్సు ఆగదు కదా. ఆటో అతనిది బోడసకుర్రు వైపు ఊరు. వయసు నలభై దాటి ఉంటుంది.

"రాజోలు దాకా ఆగుతూ వెళ్దామండీ."

"ఆయ్. మీరెక్కడంటే అక్కడేనండి."

కొత్తపేట దాటాక రెండు పక్కలా దాళ్వా నాట్లు. మోకాలి లోతు బురదలో వరసగా వంగిన ఆడవాళ్ళు, గట్టు మీద నారు కట్టలు, కాలవ నిండా ఎర్రమట్టి నీళ్ళు. కాటన్ దొర 1852లో ఆనకట్ట పూర్తి చేశాడు కాబట్టి ఈ నీళ్ళు ఇక్కడికొచ్చాయని బళ్ళో చదువుకున్నాం. ఆ నీళ్ళు వచ్చినంత తేలిగ్గా బయటికి పోవడం లేదన్నది ఇప్పటి బాధ. మురుగు కాలవలు పూడిపోయి, వానాకాలం పంట నీటిలో కుళ్ళిపోతుంటే, 2011లో కోనసీమ రైతులు సార్వా వెయ్యకుండా పంట విరామం ప్రకటించారు. దేశం నోరెళ్ళబెట్టింది. అన్నం పెట్టే చేతులు ముడుచుకు కూర్చోవడం అప్పుడే చూసింది. చేలు కుంగిపోయాయి, అందుకే నీళ్ళు పోవడం లేదు, గ్యాసు తోడినందుకే కుంగాయి, అని ఆ రోజుల్లోనే చాలామంది అన్నారు.

అంబాజీపేటలో పొట్టిక్కలు తిన్నాం. పనసాకుల బుట్టలో ఉడికిన ఇడ్లీ. ఆకు వలిచేటప్పుడు దాని ఈనెల అచ్చు పిండి మీద పడి ఉంటుంది. ఒక్కో ఇడ్లీ మీదా ఒక్కో చెట్టు. ఆటో అతను రెండు తిని, మూడోది పొట్లం కట్టించుకున్నాడు, కూతురికట. టీ తాగుతూ పిన్ని ప్రశ్న అతన్ని అడిగాను.

"డొల్లేనండి, సందేహం లేదు. బావిలో నీళ్ళు తోడేస్తే ఏం మిగులుద్దండి? గొయ్యే కదండీ. గ్యాసైనా అంతే. పైన మనం ఉన్నాం, కింద గొయ్యుంది. ఏదో ఓ నాడు బొడుక్కున..." గ్లాసు బల్ల మీద బోర్లించి చూపించాడు.

కోనసీమలో ఎవర్ని అడిగినా ఇదే బొమ్మ. కింద పెద్ద గుహ, దాన్నిండా గ్యాసు, గ్యాసు పోతే ఖాళీ గుహ. నేనూ చిన్నప్పుడు అలాగే అనుకునేవాణ్ణి. కానీ అక్కడ గుహ లేదు. మూడు కిలోమీటర్ల కింద ఇసకరాయి ఉంది. తడి ఇసకలో నీరెలా ఉంటుందో, ఆ రాతి రేణువుల సందుల్లో గ్యాసు అలా ఉంటుంది. గ్యాసు తోడేస్తే రేణువులు అక్కడే ఉంటాయి. అయితే అప్పటిదాకా పైబరువులో కొంత ఆ గ్యాసు ఒత్తిడి మోసింది. ఇప్పుడు బరువంతా రేణువుల మీదే పడుతుంది. అవి కాస్త దగ్గరికి జరుగుతాయి.

"కొత్తగా కుట్టిన పీచు పరుపుందనుకోండి. పదేళ్ళు పడుకుంటే ఏమవుద్ది?"

"అణిగిపోద్దండి."

"బొడుక్కుమంటదా?"

"లేదండి. మెల్లిగా అణుగుద్ది." కాసేపు ఆలోచించాడు. "అయితే చేలు కుంగేయన్నది నిజమేనంటారు."

బోర్లించిన గ్లాసు ఎత్తేశాడు గాని, అతనికి కావలసిన మాట నా చేతే అనిపించాడు. కుంగడం నిజం. గ్యాసు వాటా ఎంతన్నదే తగువు. డెల్టా తన ఒండ్రు బరువుకి తానే అణుగుతుంది. పాతకాలంలో ఏటా వరద కొత్త మట్టి తెచ్చి ఆ లోటు పూడ్చేది. ఇప్పుడు ఎగువన ఆనకట్టలు ఆ మట్టిని ఆపేస్తున్నాయి. ప్రపంచంలో కుంగుతున్న డెల్టాల మీద 2009లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం గోదావరి, కృష్ణల్ని ప్రమాదపు జాబితాలో పెట్టింది. కారణాల్లో ఎగువ ఆనకట్టలూ ఉన్నాయి, నీళ్ళు తోడడం, గ్యాసు తోడడం కూడా ఉన్నాయి. ఇంట్లో పాలు తగ్గితే పిల్లీ తాగి ఉండొచ్చు, పాలవాడూ తక్కువ పోసి ఉండొచ్చు. పిల్లినే కొట్టడం సుఖం, ఎదురుగా ఉంది కాబట్టి.

అమలాపురంలో ఆగలేదు. గడియార స్తంభం దగ్గర ట్రాఫిక్కు, పండగ బట్టల బేరాలు. ఊరు దాటితే బోడసకుర్రు వంతెన, కింద గోదావరి పాయ వైనతేయ.

ఆటో ఆపమన్నాను. పాటు సమయం. నీరు వెనక్కి తీసి, ఒడ్డు వారన నల్లటి బురద తేలింది. దాని మీద ఒక నావ ఒరిగి ఉంది. మోకు గుంజకి బిగిసి ఉంది. ప్రవాహం నావని లాగుతూనే ఉంది, మోకు బిర్రుగా ఉండడంలో తెలుస్తోంది. కానీ నావ కదలదు. అడుగు మేటలో కూరుకుపోయింది.

"ఇప్పుడు దీన్ని తోస్తే కదులుద్దా?"

"పదిమందొచ్చినా కదలదండి."

"పోటొస్తే?"

"పోటొస్తే మా పాప తోసినా ఎల్లిపోద్దండి."

ఇదే సంగతి. పోటు నావని తొయ్యదు. కొంచెం పైకెత్తుతుంది, అంతే. నావ బరువు మేట మీద నొక్కినంతసేపూ రాపిడి దాన్ని పట్టి ఉంచుతుంది. నీరు కిందికి దూరి ఆ బరువులో కొంత తాను మోస్తే పట్టు సడలుతుంది. అప్పుడు మోకుని ఎప్పట్నుంచో లాగుతున్న ప్రవాహమే దాన్ని కదిలిస్తుంది. భూమి లోపలి పాత పగుళ్ళూ ఇంతే. రెండు రాతి ముఖాలు ఒకదాన్నొకటి నొక్కుకుని, ఒక పక్కకి జరగాలని లక్షల ఏళ్ళుగా ఉబలాటపడుతూ, రాపిడి వల్ల ఆగి ఉంటాయి. ఆ సందులోకి మనం బలంగా నీళ్ళు పోస్తే, నీరు రెండు ముఖాల్నీ కాస్త విడదీస్తుంది. జారిపోతాయి. ఆ బలం మనది కాదు, అక్కడ ఎప్పట్నుంచో ఉన్నదే. మనం పోసినవి నీళ్ళే. అందుకే పోసినవాళ్ళు ప్రతిచోటా మొదట నమ్మలేదు, ఇన్ని నీళ్ళకి అంత కదలికా అని.

అమెరికాలో డెన్వర్ పక్కన సైన్యం వాళ్ళ రసాయనాయుధాల ఫ్యాక్టరీ ఉండేది. అక్కడి మురికినీరు వదిలించుకోవడానికి మూడున్నర కిలోమీటర్లకు పైగా బావి తవ్వి, 1962 మార్చిలో పొయ్యడం మొదలుపెట్టారు. భూకంపాలు అరుదైన ఊరు కదలడం మొదలైంది. డేవిడ్ ఎవాన్స్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1965లో రెండు లెక్కలు పక్కపక్కన పెట్టాడు, ఏ నెల ఎన్ని నీళ్ళు, ఏ నెల ఎన్ని కదలికలు. రెండూ జతగా లేచాయి, జతగా పడ్డాయి. 1966 ఫిబ్రవరిలో పొయ్యడం ఆపారు. అన్నింటికన్నా పెద్ద కదలికలు 1967లో వచ్చాయి, ఆపిన ఏడాది తర్వాత.

ఆపాక ఎందుకు వచ్చాయన్నది చాలామందికి మింగుడుపడదు. వైనతేయ ఒడ్డున పుట్టినవాడికి పడుతుంది.

"మొగ దగ్గర పాటు మొదలైనా, లోపలి కోడుల్లో నీరు ఇంకా ఎక్కుతా ఉంటదండి. సముద్రం తిరిగింది కదా అని ఇక్కడ నావ వదిల్తే ఎదురు తోసుకోవాలండి" అన్నాడతను, నేను అడక్కుండానే. రాతిలోనూ అంతే. పైన పంపు కట్టేసినా, లోపల ఆ ఒత్తిడి సందు సందూ వెతుక్కుంటూ పాకుతూనే ఉంటుంది. నెలల తర్వాత ఏ పెద్ద పగులునో తగులుతుంది.

భూమి వేడి కోసం పోసిన నీళ్ళ కథలో పెద్ద ఊళ్ళు రెండు. స్విట్జర్లండులో రైన్ నది ఒడ్డున బాసెల్. 1356లో పెద్ద భూకంపానికి కూలి, మళ్ళీ లేచిన ఊరు. అలాంటి ఊరి కిందే ఐదు కిలోమీటర్ల బావి తవ్వి, 2006 డిసెంబరు 2 నుంచి నీళ్ళు తోశారు. ఆరు రోజుల్లో పదకొండు వేల ఘనపు మీటర్లకు పైగా. లోపల చిటపటలు పెరుగుతుంటే పంపు ఆపారు. ఆపిన కొన్ని గంటలకు, డిసెంబరు 8న, 3.4 తీవ్రతతో ఊరు ఉలిక్కిపడింది. గోడలు బీటలు తీశాయి, ఎవరూ చావలేదు. ప్రాజెక్టు మూతపడింది.

రెండోది దక్షిణ కొరియాలో పొహాంగ్. అక్కడ నాలుగు కిలోమీటర్లకు పైగా లోతున రెండు బావులు. 2017 ఏప్రిల్లో పోసినప్పుడు మూడు దాటిన కదలిక ఒకటి వచ్చింది. చాలనుకోలేదు. ఆగస్టులో, సెప్టెంబరులో మళ్ళీ పోశారు. ఆపిన రెండు నెలలకు, నవంబరు 15న, 5.4 తీవ్రతతో కదిలింది. వంద మందికి పైగా గాయపడ్డారు. మర్నాడు దేశమంతటా కాలేజీ ప్రవేశ పరీక్ష. మన ఎంసెట్ అనుకోండి, ఇంకా పదింతలు భయభక్తులతో. ఆ పరీక్షని వారం వాయిదా వేశారు. 2019 మార్చిలో ప్రభుత్వం వేసిన నిపుణుల సంఘమే తేల్చింది, దీన్ని రేపింది ఆ నీళ్ళేనని. మొత్తం పోసింది పదమూడు వేల ఘనపు మీటర్ల లోపు. మా ఊరి చెరువు అంతకంటే పెద్దది.

ఇంత దూరం పోనక్కర్లేదు. నీటి బరువు, నీటి ఒత్తిడి భూమిని కదిలిస్తాయని హైదరాబాదు ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా చెబుతున్నారు, కోయనా చూపించి. మహారాష్ట్రలో ఆ డ్యాము నిండిన కొన్నేళ్ళకే, 1967 డిసెంబరులో 6.3 భూకంపం దాదాపు రెండు వందల మందిని పొట్టన పెట్టుకుంది.

వంతెన మీంచి ఆటో అతను చెయ్యి చాపాడు, కొబ్బరితోటల మీదుగా. "అదిగోనండి, అటు. ఇయాల్టికి ముప్పై ఏళ్ళండి."

నాకు తేదీ గుర్తుంది గాని, అతనికి ఉంటుందనుకోలేదు. 1995 జనవరి 8, ఆదివారం. పాశర్లపూడి-19 బావి తవ్వుతుంటే గ్యాసు ఎగదన్ని అంటుకుంది. 65 రోజులు మండింది. అమెరికా నుంచి నీల్ ఆడమ్స్ బృందం వచ్చింది, ఓఎన్‌జీసీ వాళ్ళు వాళ్ళతో కలిసి మార్చి 15న ఆర్పారు. ఇవి కాగితం మీది లెక్కలు. అతనిది వేరే లెక్క.

"నాకు పదకొండేళ్ళండి. భోగికి వారం ముందే మా ఊరికి భోగిమంట వచ్చేసిందని మా మావయ్య అన్నాడండి. మొదట్రోజు అందరూ నవ్వేరు. మూడో రోజు నుంచి నవ్వేవోడు లేడండి. రాత్రి లేదండి మాకు. కోళ్ళు ఎప్పుడు పడితే అప్పుడు కూసేవి. చప్పుడండి, అదీ... విమానం మన పెరట్లోనే ఎగరడానికి సిద్ధంగా ఉండి ఎగరకుండా ఉంటే? అలాగండి. మా అమ్మ సైగలతోనే అన్నానికి పిలిచేది. ఆరిపోయిన రాత్రి నాకు నిద్ర పట్టలేదండి. నిశ్శబ్దానికి భయమేసి మా అమ్మ పక్కలో దూరేను."

అక్కడికి తీసుకెళ్ళమంటారా అని అడిగాడు. వద్దన్నాను. మంట ఆరిన చోట చూసేదేముంది? చూసినవాడు ఆటో తోలుతున్నాడు.

నగరం దగ్గర ఆటో నెమ్మది చేశాడు. 2014 జూన్ 27 తెల్లవారుజామున ఇక్కడ గెయిల్ గ్యాసు పైపు చిల్లిపడి అంటుకుంది. ఇరవై మందికి పైగా పోయారు, నిద్రలో కొందరు. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. తాటిపాక వచ్చేదాకా అతను రేడియో కూడా పెట్టలేదు.

ఈ రెండూ భూకంపాలు కావు. ఒకటి బావి అదుపు తప్పడం, రెండోది పైపుని తుప్పు తినేయడం. కానీ కోనసీమ భయానికి ఈ తేడాలు పట్టవు. గ్యాసు వాళ్ళు కిందేదో చేస్తారు, పైన మనకేదో అవుతుంది, ముందు ఎవరూ చెప్పరు. ఈ మూడు ముక్కల్లో మొదటి రెంటినీ శాస్త్రం సరిదిద్దొచ్చు. మూడోదానికి శాస్త్రం దగ్గర మందు లేదు.

రాజోలు చేరేసరికి పొద్దు వాలింది. పిన్ని అరుగు మీద కూర్చుని కొబ్బరి ఈనెలు చీరుతోంది. కాళ్ళు కడుక్కోగానే పరీక్ష మొదలు.

"కనుక్కున్నావా?"

"కనుక్కున్నాను పిన్నీ. కింద డొల్ల లేదు."

నమ్మలేదు. పరుపు సంగతి చెప్పాను, నావ సంగతి చెప్పాను. తోడితే అణగడం, పోస్తే జారడం, ఎక్కువగా అలా ఉంటుందన్నాను. "ఎక్కువగా" అన్న మాట దగ్గర ఆపేసింది.

"అంటే తోడినా కదిలిన చోటుందా?"

ఉంది. దాచి లాభం లేదు. నెదర్లాండ్స్‌లో గ్రోనింగెన్. మన కోనసీమకి చలి వేస్తే అలా ఉంటుంది. పల్లపు నేల, కాలవలు, గట్లు, పాడిపశువులు. 1959లో అక్కడ పెద్ద గ్యాసు నిక్షేపం దొరికింది. దశాబ్దాలు తోడారు. ఇసకరాయి అణిగింది. కానీ ఆ రాతి మధ్య పాత పగుళ్ళున్నాయి. పగులుకి ఆ పక్కా ఈ పక్కా ఒకేలా అణగక, అవి జారడం మొదలైంది. 2012 ఆగస్టులో హుయిజింగె దగ్గర 3.6. వేల ఇళ్ళు బీటలు తీశాయి. ఏళ్ళ తరబడి ఊళ్ళ వాళ్ళు పోరాడితే, 2023 అక్టోబరులో ఆ దేశం తన బంగారు గనిలాంటి బావిని తానే కట్టేసింది. అయితే అది తొమ్మిది వందల చదరపు కిలోమీటర్ల ఒకే ముద్ద. మన కింద ఉన్నవి చిన్న చిన్న జేబులు. అదే జరగాలని లేదు.

"జరక్కూడదనీ లేదు" అంది పిన్ని.

ఇంతలో ఆవిడకి ఇంకోటి గుర్తొచ్చింది. "మన చిన్నోడి ఊళ్ళో కదిలింది కదా, అక్కడా తోడేరా?"

చిన్నోడంటే నా తమ్ముడు వరస, టెక్సాస్‌లో ఇర్వింగ్‌లో ఉంటాడు. ఆ ఊళ్ళో తెలుగువాళ్ళెందరో మీకు తెలుసు. 2015 జనవరి 6న, వాడు కొత్తగా కొన్న ఇంట్లో, వంటింటి గిన్నెలు గలగలమన్నాయి. 3.6 వరకు వచ్చింది. ఒకటి కాదు, రెండు రోజుల్లో పది పైచిలుకు. వాడు ఫోను చేస్తే ఇక్కడెవరూ కంగారుపడలేదు, అమెరికా కదా అన్నీ చూసుకుంటారని. ఆ చుట్టుపక్కల గ్యాసు బావులున్నాయి. గ్యాసుతో పాటు ఉప్పునీరు వస్తుంది, బోలెడు. దాన్ని చేలల్లో వదల్లేరు కాబట్టి వేరే బావిలో మళ్ళీ కిందికి దించేస్తారు. డాలస్ విమానాశ్రయం పక్కన అలాంటి బావి 2008 సెప్టెంబరులో మొదలైతే, అక్టోబరు 31 నుంచి అక్కడ కదలికలు. ఇర్వింగ్ కదలికల్నీ పరిశోధకులు అలా దించిన నీళ్ళతోనే ముడిపెట్టారు. ఒక్లహోమాలో ఇంతకంటే పెద్దవే వచ్చాయి, 2016లో 5.8 దాకా.

పిన్ని ఈనెలు పక్కన పెట్టింది. "అయితే తోడింది చూసుకుంటా కూచున్నాం గాని, పోసింది అడగలేదన్నమాట."

నెల రోజులు చదివి నేను కట్టుకున్న మూటని ఆవిడ ఒక్క మాటలో విప్పేసింది. తోడింది మీటరు మీద కనపడుతుంది, దానికి రేటుంది, రాయల్టీ ఉంది, ఎంత తోడారో పేపర్లో వస్తుంది. పోసిన దాని మాట ఎవరూ ఎత్తరు. ఏ బావిలో, ఎంత లోతున, ఎంత ఒత్తిడితో, ఏ నెల ఎన్ని నీళ్ళు? డెన్వర్ గుట్టు విప్పింది ఈ చిన్న పట్టికే. రేపు ఈ ఎండిపోయిన గ్యాసు బావుల్లోంచే వేడి తియ్యొచ్చని ఎవరైనా వస్తారు. మూడు కిలోమీటర్ల కింద నూరు డిగ్రీలు దాటే ఉంటుంది కాబట్టి ఆ ఆలోచన పిచ్చిదేం కాదు, ప్రపంచంలో నడుస్తున్నదే. ఓఎన్‌జీసీయే 2021లో లడఖ్‌లోని పూగా లోయలో భూమి వేడి కోసం ఒప్పందం చేసుకుంది. నాకైతే అభ్యంతరం లేదు. ఇసకరాయికి నీళ్ళు తాగే గుణం ఉంది, గట్టి గ్రానైటుని చీల్చినంత బలం పెట్టనక్కర్లేదు. కానీ ఆ పట్టిక మాత్రం పంచాయతీ ఆఫీసు గోడ మీద తెలుగులో ఉండాలి, నెలనెలా.

"గోడంటే గుర్తొచ్చింది, రా" అని లోపలి గదిలోకి తీసుకెళ్ళింది పిన్ని.

తూర్పు గోడకి కిటికీ పై మూల నుంచి ఏటవాలుగా బీట. వెంట్రుక సన్నంగా మొదలై, మధ్యలో పావలా బిళ్ళ మందం అయి, మళ్ళీ సన్నబడి దూలం వైపు పోతోంది. దాని పొడుగునా పెన్సిలుతో అడ్డగీతలు, ప్రతి గీత పక్కనా తేదీ. బాబాయి రాత. పోయినవాళ్ళ రాత చూస్తే ఏదోలా ఉంటుంది. మొదటిది 1996 నవంబరు, తుపాను పోయిన వారం. తర్వాత 26-12-2004. సునామీ రోజున మంచం ఊగిందని బాబాయి చెప్పేవాడు. తర్వాత 2011. తర్వాత 28-6-2014, నగరం మర్నాడు. అది గోడ మీద గట్టిగా నొక్కి రాసింది, సున్నం పెచ్చు లేచింది. ఆఖరిది 2019, పిన్ని రాత, అక్షరాలు వణికాయి.

కిటికీ మూల నుంచి ఏటవాలుగా పాకే బీట మామూలుగా పునాది ఒక పక్క దిగితే వస్తుంది. ఆ మూల బయట పాత నుయ్యి పూడ్చిన చోటు, తాపీ మేస్త్రి ఎప్పుడో చెప్పాడట. ఆ మాటే అన్నాను. దీన్ని గ్యాసు మీద పెట్టడానికి నా దగ్గర ఆధారం లేదన్నాను. పిన్ని వాదించలేదు. దేవుడి గూట్లోంచి పెన్సిలు ముక్క తెచ్చి నా చేతిలో పెట్టి, స్టూలు జరిపింది.

ఎక్కి, ఫోను లైటు వేసి, బీట కొస దాకా వేలు పోనిచ్చాను. సరిగ్గా 2019 గీత దగ్గర ఆగిపోయింది. దాటలేదు.

"ఆరేళ్ళ నుంచీ కదల్లేదు పిన్నీ."

ఆవిడ మొహంలో సంతోషం వెతికాను. కనపడలేదు. కాసేపు గోడ వైపు చూసి, "రాయి" అంది.

"కొత్తగా ఏమీ లేదుగా, ఏం రాయను?"

"కదల్లేదని రాయి. ఇయాళ్టి తేదీ వేసి."

గీత పక్కన ఖాళీ కొంచెమే ఉంది. 8-1-2025 అని చిన్న అంకెలతో రాశాను.